గటుక ఉడికే చప్పుడు

పోయిన ఆదివారం పొద్దున ఏడూ పదికి మా గేటు ముందు పాలాయన మోపెడ్ ఆగిపోయింది. కరీంనగర్‌లో మా వీధికి ఆయన రోజూ ఆ వేళకే వస్తాడు. రెండు వైపులా క్యాన్లు వేలాడే పాత బండి. పాలు పోసి మళ్లీ స్టార్ట్ చేయబోతే అంటుకున్నట్టే అంటుకుని, రెండుసార్లు దగ్గి ఆరిపోతోంది. నేను పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"దానికి దూపైతున్నట్టున్నది" అన్నాను.

పాలాయన తలెత్తాడు. "ఏంది సార్?"

"గాలి ఎక్కువ పోతాంది, పెట్రోలు తక్కువ పోతాంది. గా చిన్న స్క్రూ జర లోపలికి తిప్పి సూడు."

అతను నా ముఖం చూశాడు, స్క్రూ చూశాడు, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి దాని అంచుతో తిప్పాడు. మోపెడ్ గొంతు సవరించుకుని నిలకడగా మోగింది.

"మీరు కాలేజీల తెలుగు చెప్తరు గద సార్. గీ పని ఎక్కడ నేర్సిండ్రు?"

"పని రాదు. వినుడు వచ్చు. మా మామ నేర్పిండు."

"మెకానికా?"

"కాదు. బొగ్గు బాయిల పనిచేసిండు."

పాలాయనకు అర్థం కాలేదు. ఇంకో గరిటెడు పాలు పోసి వెళ్లిపోయాడు.

మామ అంటే నా భార్య తండ్రి. గోదావరిఖనిలో బాయిలోకి దిగి, బొగ్గులో రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ పని చేసి రిటైరయ్యాడు. పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆయన గురించి పోలికలు లేకుండా రాయాలని నా కోరిక. కానీ ఇంజను విషయంలో ఉన్న పోలికలన్నీ ఆయనే వాడేశాడు. పెట్రోలు అందకపోతే, దానికి దాహమేస్తోందన్నట్టు, "దూపైతాంది" అనేవాడు. ఎక్కువైతే "ముక్కు కారుతాంది" అనేవాడు. ఊరికే వేగంగా మోగితే "బస్సు దొరకదేమోనని ఉరుకుతాంది" అనేవాడు. అన్నీ కుదిరి, పని లేకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఎలా మోగాలో చెప్పడానికి ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. "గటుక ఉడికినట్టు ఉండాలె." మక్క గటుక, అంటే మొక్కజొన్న సంకటి, చిన్న మంట మీద ఉడుకుతుంటే ఒక్కో బుడగా తీరిగ్గా పైకొచ్చి పగులుతుంది. అంత తీరిక ఉండాలి ఇంజనుకు.

మామ బండి రెండు సైలెన్సర్ల పాత మోటార్ సైకిల్. సిలిండర్ ఒకటే, పొగ గొట్టాలు రెండు. నలభై దాటిన వాళ్లకు దాని పేరు చెప్పనక్కర్లేదు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డు అవుతుంది. తెలియనివాళ్లు బండి ఎక్కి కిక్ ఎక్కడుందని కాలితో అటూ ఇటూ తడుముకునేవాళ్లు. మామ చెప్పేవాడు కాదు. చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు. వాళ్లు దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, సిగ్గుపడుతూ తన వైపు చూసేదాకా ఆగి, అప్పుడు ఒక్క కాలితో మొత్తం చూపించేవాడు.

ఆయనకు పెళ్లి పత్రికలంటే ఇష్టం. ఇంజనులో కరెంటును తెంచి కలిపే రెండు చిన్న లోహపు బిళ్లలుంటాయి, వాటిని పాయింట్లంటారు. వాటి మధ్య పేరుకునే మసిని ఆయన పెళ్లి పత్రిక పీలికలతోనే తుడిచేవాడు. పత్రిక ఇంటికి రాగానే ముందు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసేవాడు. "మంచి కార్డు. పాయింట్లకు పనికొస్తది. పోదాం పెండ్లికి." పల్చని పత్రిక వస్తే కట్నం చదివించడానికి అత్తమ్మ ఒక్కతే వెళ్లేది. అయితే పత్రిక కత్తిరించే ముందు పసుపు పెట్టిన నాలుగు మూలలూ వేరుగా తీసి దేవుని గూట్లో పెట్టేవాడు. పసుపుకు నూనె అంటించకూడదని ఆయన నియమం. పెళ్లికొడుకు పేరుకు అంటినా పరవాలేదు.

విప్పిన సామాను పెట్టుకోవడానికి ఆయనకు స్టీలు పళ్లాలు కావాలి. మొదట విప్పింది పళ్లెం అంచున పైన, తర్వాతిది దాని పక్కన, గడియారంలో ముల్లు తిరిగే వరసలో. బిగించేటప్పుడు అదే వరసలో వెనక్కి. పళ్లెం ఎవరైనా తిప్పితే పని మొత్తం మళ్లీ మొదలు. అందుకే ఆ ఇంట్లో ఆదివారం చపాతీలు అరటాకుల్లో తిన్న రోజులున్నాయి.

"ఊళ్లె అందరిండ్లల్ల పళ్లాల్ల అన్నం పెడ్తరు. మా ఇంట్ల నట్టులు పెడ్తరు" అనేది అత్తమ్మ.

"అవు, అవు" అనేవాడు మామ.

ఆ "అవు, అవు"ను నేను చాలా రోజులు మంచితనం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయనకు వినపడేది కాదని. ఏళ్లకేళ్లు డ్రిల్లు పక్కన నిలబడిన చెవులు. ఎవరేమన్నా అవునని, ఎదుటివాళ్ల ముఖం చూసి నవ్వేవాడు. జోకు అయిపోకముందే నవ్వేవాడు కాబట్టి దొరికిపోయేవాడు. తనకు చెవుడని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. "మీరంత మెల్లగ మాట్లాడుడు నేర్సుకున్నరు. రోగమొచ్చినోళ్ల లెక్క" అని మమ్మల్నే తిట్టేవాడు.

ఒక సాయంత్రం కూరగాయలు తీసుకుని బండి మీద వస్తుంటే వెనక బొగ్గు టిప్పర్ హారన్ కొడుతూనే ఉందట. మామ నడిరోడ్డు మీద తన దారిన తను వస్తున్నాడు. టిప్పర్ డ్రైవర్ చివరికి ఎలాగో పక్కనుంచి దాటి, అడ్డం పెట్టి, కోపంగా దిగాడు. మామ అతన్ని చూసి నవ్వి "ఏం బిడ్డా, తొవ్వ తప్పినవా?" అని అడిగాడు. ఆ డ్రైవర్‌కు ఏం చేయాలో తోచక, ఈయన ముందు పోతుంటే టిప్పర్‌ను వెనక మెల్లగా నడుపుకుంటూ ఇంటిదాకా వచ్చి అప్పజెప్పాడు. అత్తమ్మ అతనికి చాయ్ ఇచ్చి సంగతంతా విన్నది. అతను వెళ్లిపోయాక మామ అడిగాడు: "ఎవలా పిలగాడు? మనోళ్లకు చుట్టమా?"

ఆ మాట కరీంనగర్‌లో ఉన్న నా భార్యకు ఫోన్లో చేరింది. ఆ ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆమె తండ్రి ఎదురుగా కూర్చుని, ఆయన చూపు తన పెదవుల మీద పడేదాకా ఆగి మొదలుపెట్టింది.

"బాపు, బండి అమ్మెయ్యి."

"అవు బిడ్డా."

"అవు అనుడు కాదు. నేనేమన్ననో ఇన్నవా?"

"ఇన్న. బండి అమ్మాలె. అమ్ముత." ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం చూసి ఆమెకే అనుమానం వచ్చింది. "అయితే గిట్లనే అమ్ముతనా? రింగులు అరిగినయ్. చైను సాగింది. టాంకు లోపట తుప్పు. ఖరాబ్ మాల్ ఒకల నెత్తిన పెట్టుడు మన ఇంట్ల ఉన్నదా?"

"బాగు చేసినంక అమ్ముతవా?"

"బాగైన తెల్లారే అమ్ముత. నీ మీద ఒట్టు."

"అందాక రోడ్డెక్కద్దు."

"ఎక్క."

నా భార్య గెలిచినట్టే లేచింది. వంటింట్లోంచి అత్తమ్మ అంది: "మీ బాపు సంగతి నీకెరుకలేదు బిడ్డా. గీ ఇల్లు కట్టేటప్పుడు ఒక్క గోడ కట్టవట్టి వానాకాలం దాటిచ్చిండు."

అలా మొదలైంది బండి బాగుచేయడం. బాగైతే బండి పోతుంది. బాగు కానంతకాలం ఉంటుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

మేం పదిహేను రోజులకోసారి ఖని వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ వరండాలో బండి ఇంకొంచెం చిన్నదై కనిపించేది. సైలెన్సర్ల లోపలి గొట్టాలు బొగ్గు పొయ్యి మీద ఎర్రగా కాలుతుండేవి, పేరుకున్న మసి పోవడానికి. ఒకసారి వెళ్లేసరికి, మా పాప చిన్నప్పుడు ఉయ్యాల కోసం దూలానికి కొట్టిన కొక్కేనికి అత్తమ్మ పాత చీర కట్టి ఉంది. అందులో పెట్రోలు టాంకు పడుకోబెట్టి ఉంది. టాంకులో గులకరాళ్లూ కిరోసినూ పోసి మూత బిగించి, లోపలి తుప్పు రాలడానికి మామ కుర్చీలో కూర్చుని ఊపుతున్నాడు. గలగలమని చప్పుడు. చప్పుడు విని, చీర చూసి, పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది: "వదినా, ఎవలు పుట్టిండ్రు?"

"మీ అన్నకు కొడుకు పుట్టిండు" అంది అత్తమ్మ. "పాలు తాగడు. కిరాసిన్ తాగుతడు."

"అవు, అవు" అన్నాడు మామ.

సామానంతా మళ్లీ కూడి, ఇంజను మోగడం మొదలయ్యాక నాతో అవసరం పడింది. అప్పటిదాకా ఆయన నన్ను ఒక్క నట్టు కూడా ముట్టుకోనివ్వలేదు. అల్లుణ్ణి. అల్లుడు అత్తగారింట్లో పని చేస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? నేను రాగానే వరండాలో కుర్చీ పడేది. "కూసోండ్రి. మీరు ముట్టుకోకుండ్రి, చేతులు మురికైతయ్." ఊళ్లోవాళ్ల ముందు నేను "మా అల్లుడు సారు". పానా అందిస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. తనే లేచి, నా ముందు నుంచి నడిచివెళ్లి తెచ్చుకునేవాడు.

కానీ గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకు పంపే కార్బరేటర్ సరిచేయాలంటే చెవులు కావాలి. గాలి స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ, ఇంజను ఎక్కడ తేలిగ్గా ఊపిరి తీస్తుందో వినిపట్టాలి. ఆ తేడా ఆయనకు అందడం లేదు. అందడం లేదని చెప్పడు. ఒకరోజు కాసేపు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని, నా వైపు తిరగకుండా అన్నాడు:

"వినుడు పనేం కాదు గదా అల్లుడు?"

"కాదు మామా."

"మరి కుర్సీ జర దగ్గరికి జరుపుకోండ్రి. ఊకె వినుండ్రి. ఎట్లున్నదో చెప్పుండ్రి."

అలా నేను ఆ ఇంట్లో మొదటిసారి పనిలో చేరాను.

వెంటనే చిక్కొచ్చింది. అల్లుడు అత్తగారింట్లో దేనికీ వంక పెట్టకూడదు. కూరలో ఉప్పెక్కువైనా బాగుందనాలి. ఆ అలవాటు కొద్దీ నేను "మంచిగనే ఉన్నది మామా" అనేవాణ్ణి. ఆయన వైపు నుంచి ఇంకో కట్టుబాటు. అల్లుడి మాట కాదనకూడదు. ఏమీ అనకపోతే బాగుండదని నేనొకసారి "జర తగ్గియ్యొచ్చేమో మామా" అన్నాను. ఆయన తగ్గించాడు. ఇంకా తగ్గించమంటానేమోనని నా ముఖం చూస్తూ ఇంకా తగ్గించాడు. నేను ఆపమని చెప్పడానికి మొహమాటపడ్డాను. ఇంజను ఆరిపోయింది.

"మంచిగ చెప్పిండ్రు" అన్నాడు మామ.

"లేదు మామా, నాదే తప్పు."

"అరె, మీదేం తప్పు? బండిది తప్పు."

కిక్ కొట్టాడు. మళ్లీ అదే. నేను సందేహిస్తూ ఏదో అనడం, ఆయన దాన్ని ఆజ్ఞలా పాటించడం, బండి చావడం. ఇలా రెండు ఆదివారాలు జరిగింది. రెండో ఆదివారం అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకు ఇంజను గురించి ఏమీ తెలియదు, కానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"ఏందిది? ఇద్దరు గలిసి మర్యాదల తోటి దాన్ని సంపుతాండ్రు." మామకు అర్థం కావాలని చేతులు తిప్పుతూ మాట్లాడింది. "ఇనుండ్రి ఇద్దరు. గది మోగినంత సేపు గీ వరండల మామ లేడు, అల్లుడు లేడు. ఎవలకు ఏమనిపిస్తే గది మొకం మీదనే అనుకోండ్రి. బంద్ వెట్టినంక మల్ల మర్యాద జేసుకోండ్రి."

మామ నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. కిక్ కొట్టాడు. ఇంజను అందుకుంది.

"ఎట్లున్నది, చెప్పు" అన్నాడు.

నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

"ముక్కు కారుతాంది" అన్నాను.

"అట్ల చెప్పు!" అని తొడ మీద కొట్టుకున్నాడు. "ఇప్పుడు?"

"ఇంక కారుతాంది."

"ఇప్పుడు సూడు. నిద్రపోకు."

"నిద్రపోతలేను. నువ్వే ఎక్కువ తిప్పినవ్."

నా నోట్లోంచి కూడా "నువ్వు" వచ్చేసింది. ఆయన పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి ఇంజను మోగుతున్నంతసేపూ తిట్టుకునేవాళ్లం. "చెవుల దూదిగిట్ల పెట్టుకున్నవా? అది ఉరుకుతాంటే బాగున్నదంటవేంది?" అని ఆయన నన్ను తిట్టేవాడు. చెవుల సంగతి ఎత్తి ఆయన నన్ను తిట్టడం చూసి అత్తమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లేది. బండి ఆపగానే ఆయన లేచి, చేతులు తుడుచుకుని, "అలిసిపోయిండ్రు. చాయ్ తాగుండ్రి" అనేవాడు. నేనూ "మీరు కూర్చోండి మామా" అనేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మంచిర్యాల నుంచి ఒక భాయ్ రావడం మొదలుపెట్టాడు. గోదావరి అవతల ఆయనకు ఫర్నిచర్ దుకాణం ఉంది. ముప్పై ఐదేళ్లుంటాయి. చిన్నప్పుడు వాళ్ల మేనమామకు ఇలాంటి బండే ఉండేదట, దాని టాంకు మీద కూర్చుని పెరిగాడట. మామ బండి అమ్ముతాడని ఎవరో చెబితే వచ్చాడు. వచ్చి కిక్ రాడ్డు వెతకలేదు, నేరుగా గేరు రాడ్డు నొక్కి పైకి తిప్పాడు. మామకు కొంచెం నిరాశ కలిగింది, చాలా గౌరవం కలిగింది.

"ఎప్పుడు తయారైతది చాచా?" భాయ్ మామ చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

"గంత గట్టిగ ఎందుకు బిడ్డా, నాకు వినపడ్తది. మా అల్లుడు సారు ఒప్పుకున్ననాడు తయారైనట్టు."

భాయ్ నా వైపు తిరిగాడు. "సార్, జర జల్దీ ఒప్పుకోండ్రి. నాకు నిద్ర పడ్తలేదు."

నేను ఒప్పుకోకుండా ఉన్నది మర్యాదకు కాదు. నిజంగానే కుదరలేదు. ఎందుకు కుదరలేదో కొన్ని ఆదివారాలు గమనిస్తే తెలిసింది. ఇంజను గొంతు మెల్లగా దిగివచ్చి, ఇంకొక్క క్షణంలో నిలకడకు వస్తుందనగా ఆయన చెయ్యి ఇంకో పావు చుట్టు తిరిగేది. అంతే, మళ్లీ ముక్కు కారేది.

"ఇంక కాలే" అనేవాణ్ణి.

"కాలేదా? సరే తియ్. మల్లొచ్చేవారం సూద్దాం" అని హాయిగా బండి ఆపేసేవాడు.

ఆ పావు చుట్టు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. బస్సులో తిరిగి వస్తూ నా భార్యే అంది: "మా బాపు ఇగ ఆ బండిని బాగు కానియ్యడు." తర్వాత కిటికీలోంచి చూస్తూ, "కాకపోతే ఏమాయె, రోడ్డు మీదికైతే పోతలేడు గద" అంది.

అయితే బాగైంది.

చలికాలం ముగుస్తున్న రోజులు. ఆ ఆదివారం ఆయన పాయింట్లు తుడిచాడు. ప్లగ్గు తీసి ఎండకు పట్టి చూసి, "చాయ్ల ముంచిన బిస్కెట్ రంగున్నది" అని సంతోషించి బిగించాడు. కాసేపు బండిని వేడెక్కనిచ్చాం. తర్వాత ఎడమ అరచెయ్యి టాంకు మీద పెట్టి, కుడిచేత్తో స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను.

"చెప్పు."

"ఉరుకుతాంది."

"ఇప్పుడు?"

"తగ్గింది. ఇంక జర."

చప్పుడు దిగింది. దిగి, ఒకచోట నిలబడింది. ఒక్కో బుడగా తీరిగ్గా వచ్చి పగులుతోంది. అంతకుముందు ఎన్నడూ వినలేదు, అయినా అదేనని నాకు తెలిసిపోయింది. కళ్లు తెరిచాను. స్క్రూడ్రైవర్ ఇంకా గాడిలోనే ఉంది. పావు చుట్టు తిప్పే సమయం అది. నేను ఆయన చేతినే చూస్తున్నాను.

చెయ్యి కదల్లేదు. ఆయన టాంకు మీద పెట్టిన అరచేతిని చూసుకుంటున్నాడు. చెవికి అందనిది చేతికి అందినట్టుంది. కళ్లు చిన్నవి చేసి, తల కొంచెం వంచి, ఎవరో మంచి మాట చెబుతుంటే వింటున్నట్టు కూర్చున్నాడు. పాడు చేయాలంటే ఎంత పని? మణికట్టు కొంచెం తిప్పితే చాలు. ఆయన స్క్రూడ్రైవర్‌ను గాడిలోంచి మెల్లగా తీసేశాడు. కింద పెట్టాడు.

"చెప్పు" అన్నాడు, నా వైపు చూడకుండా.

"నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. నువ్వు చెప్పు."

"అయింది మామా."

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె ఉంది. కాసేపు నిలబడి విని, మామ తన వైపు చూడగానే గరిటెను గాలిలో గుండ్రంగా, నెమ్మదిగా తిప్పి చూపించింది. గటుక కలిపినట్టు. మామ నవ్వాడు. ఈసారి జోకు అయిపోయాకే నవ్వాడు.

చాలాసేపు దాన్ని అలాగే మోగనిచ్చాడు. మా ముగ్గురిలో ఎవరూ ఆపమనలేదు. చివరికి తనే తాళం తిప్పాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ఆ భాయ్‌కి ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు. "తయారైందని చెప్పుండ్రి. మీరు ఒప్పుకున్నరని చెప్పుండ్రి."

"వచ్చేవారం చెప్దాం మామా."

"లేదు. బిడ్డ మీద ఒట్టు పెట్టిన."

భాయ్ మర్నాడే వచ్చాడట. నేను లేను, అత్తమ్మ చెప్పింది. మామ అతన్ని వరండాలో కూర్చోబెట్టి పెళ్లి పత్రికల కట్ట ఇచ్చి, మూలలు ఎందుకు కత్తిరించాలో చెప్పాడట. భాయ్ మూలలన్నీ తన చేత్తోనే కత్తిరించి అత్తమ్మకు ఇచ్చాడట. బండి వీధి మలుపు తిరిగేదాకా మామ గేటు దగ్గరే నిలబడి, లోపలికొచ్చి, అన్ని పళ్లాలూ తనే తోమి బోర్లించాడట.

"గప్పుడు భయమైంది నాకు" అంది అత్తమ్మ. "పళ్లాలు తోముడు ఎన్నడన్న సూసిన్నా!"

నెల తిరగకముందే, మేమక్కడున్న ఆదివారం, గేటు ముందు బండి ఆగింది. భాయ్ దిగి, దిగులు ముఖం పెట్టి లోపలికొచ్చాడు.

"చాచా, సప్పుడు మారింది. జర సూడుండ్రి. మా దిక్కు మెకానిక్‌లకు సమజైతలేదు."

మామ లేచిన వేగం చూసి అత్తమ్మ రెండు పళ్లాలు తెచ్చి వరండాలో పెట్టింది. నా కుర్చీ పడింది. కిక్ కొట్టగానే విన్నాను. నిజంగానే మారింది, ముక్కు కారుతోంది. తిట్టుకుంటూ సరిచేశాం. భాయ్ చేతులు కట్టుకుని భక్తిగా చూశాడు. చాయ్ తాగి, బండెక్కి వెళ్లిపోయాడు.

తర్వాతి నెల మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతి నెలా. ప్రతిసారీ అదే జబ్బు, అంతే తేడా. మూడోసారి నేను గేటు దాకా సాగనంపడానికి వెళ్తే భాయ్ ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"సార్, చాచాకు చెప్పకుండ్రి. గోదారి వంతెన దాటినంక పక్కకు ఆపుత. స్క్రూ పావు చుట్టు తిప్పుత. మల్ల బయలెల్లుత."

"ఎందుకు భాయ్?"

"ఏమో సార్. బండి తీసుకపోయిన్నాడు చాచా మొకం సూసిన. అచ్చం మా మేనమామ లెక్కనే అనిపించిండు."

నేను లోపలికి వచ్చాను. మామ వరండాలో స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్నాడు. బండి వెళ్లిపోయింది కాబట్టి నేను మళ్లీ అల్లుణ్ణి.

"కూసోండ్రి" అన్నాడు. "ఆ పిలగాడు ఏమన్నడు గేటు కాడ?"

"ఏం లేదు మామా. పోయొస్త అన్నడు."

"మంచి పిలగాడు. స్క్రూ తిప్పుడే జర నేర్వలే. ప్రతిసారి గాడి అంచుకు గీత వడ్తాంది." స్క్రూడ్రైవర్ కొనను వెలుతురుకు పెట్టి చూశాడు. "జేబుల సన్నటిదొకటి పెట్టుకొమ్మని చెప్పాలె. మీరు చెప్తరా? నేను చెప్తే సిగ్గుపడ్తడు."

నేను భాయ్‌కి ఆ మాట చెప్పలేదు. ఒక సన్నటి స్క్రూడ్రైవర్ కొనిచ్చాను. అతను దాన్ని చూసి, నన్ను చూసి, ఇంటి వైపు చూసి, గట్టిగా నవ్వాడు. అలా రెండేళ్ల పైన నడిచింది. మామ రోడ్డెక్కలేదు. బండి మీద బెంగా పెట్టుకోలేదు. నెలకోసారి అదే ఆయన దగ్గరికి వచ్చేది. నా భార్య కూడా, "బాపు, ఇయ్యాల భాయ్ రాలేదేంది?" అని తనే అడిగేది.

పోయిన వానాకాలంలో జ్వరంతో పడి, మూడో రోజు తెల్లవారుజామున వెళ్లిపోయాడు. భాయ్ ఆ వానలో బండి మీదే వచ్చాడు. వీధి మలుపులోనే ఇంజను ఆపి, దిగి, ఇంటిదాకా నడిపించుకుంటూ తెచ్చాడు.

అతను ఇప్పటికీ నెలకోసారి ఖనికి వస్తాడు. అత్తమ్మ దగ్గర కూర్చుని చాయ్ తాగుతాడు. పోయిన నెల అతను వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. బండి వీధిలోకి తిరగడం నాకు లోపలికి వినపడింది. ముక్కు కారడం లేదు, ఉరకడం లేదు. వంతెన దాటాక భాయ్ ఇప్పుడు ఆగడం లేదు, స్క్రూ తిప్పడం లేదు.